కుట్టు మీద బొటనవేలు

దరీనా మూడోసారి ఫోన్ చేసినప్పుడు కూడా కుదరదనే చెప్పాను. అయినా వెన్నవారం, అంటే పెద్ద ఉపవాసాలకు ముందు వచ్చే పండగ వారం, మొదటి రోజునే ఆమె మా ఊరికి వచ్చేసింది. వెంట ఒక కెమెరామన్, రెండు దీపాల పెట్టెలు, రుడాల్ఫ్ గెర్మనొవిచ్ అనే ముసలాయన ఉన్నారు. సినిమా దర్శకుడు వలేరియన్ తుగారినొవ్ పుట్టి ఎనభై ఏళ్ళయిన సందర్భంగా ఆయన జీవితం మీద ఆమె టెలివిజన్‌కు డాక్యుమెంటరీ తీస్తోంది. తుగారినొవ్ పోయి అప్పటికి ఆరేళ్ళు. రుడాల్ఫ్ ఆయన దగ్గర ఇరవై ఏళ్ళు సహాయకుడిగా పనిచేసినవాడు.

కుదరదని ఎందుకన్నానో చెప్పాలి. వెన్నవారంలో మా ఊరి మగవాళ్ళు నది మంచు మీద పిడికిళ్ళతో కొట్టుకుంటారు. భుజానికి భుజం ఆనించి నిలబడతారు కాబట్టి దాన్ని గోడ అంటాం. కొండవైపు వాళ్ళదొక గోడ, రేవువైపు వాళ్ళదొక గోడ. పడినవాణ్ణి కొట్టకూడదు. చేతితొడుగులో ఇనుమో సీసమో దాచుకున్నవాణ్ణి మాత్రం రెండు గోడలూ కలిసి కొట్టాలి. మొదటి దెబ్బ వాడి సొంత గోడ పెద్ద వేయాలి.

1981లో తుగారినొవ్ ఆ పోరును సినిమా తీయడానికి మా ఊరు వచ్చాడు. మూడో రోజు నా తమ్ముడు సేన్య తొడుగులో సీసం దొరికింది. వాడికి పంతొమ్మిదేళ్ళు. కొండవైపు గోడకు పెద్ద మా నాన్న ప్రొఖోర్. మొదటి దెబ్బ ఆయనే వేశాడు. సేన్య మంచు మీదే చనిపోయాడు. జారిపడ్డాడని కాగితాల్లో రాశారు. మోసగాడి శవపేటిక మోయడానికి ఊళ్ళో మగవాళ్ళెవరూ రాలేదు. మా అమ్మ ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. ఆ పదకొండేళ్ళలో నాన్నతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ సినిమాకు బహుమతులు వచ్చాయి. రెండు గోడలూ తిరిగి ఒక్క కుర్రాడి మీద పడే ఆ దృశ్యాన్ని సినిమా బళ్ళలో పాఠంగా చెబుతారట.

అప్పట్లో వాడకుండా పక్కన పెట్టేసిన రీళ్ళు దొరికాయని దరీనా ఫోనులో చెప్పింది. పోరుకు ముందు జరిగింది కూడా వాటిలో ఉందంది. సీసం వాడిది కాదని ఆ రీళ్ళలో తేలితే నా తమ్ముడు మోసగాడు కాడు. అలా తేలిన మరుక్షణం మా నాన్న ఏ తప్పూ చేయని కొడుకును చంపినవాడవుతాడు. ఆయనకు ఎనభై రెండేళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఆ సీసం ముక్క మీదే కాళ్ళు ఆనించి నిలబడ్డాడు.

వాళ్ళు తలుపు తట్టేసరికి నాన్న, పహోమ్ కిటికీ దగ్గర డామినోలు ఆడుకుంటున్నారు. పహోమ్ అప్పట్లో రేవువైపు గోడకు పెద్ద. ఇప్పుడు నాన్నకు మిగిలిన ఒకే ఒక్క స్నేహితుడు.

"ఎవర్రా ఈ పిల్ల? పెళ్ళిచూపులకొచ్చిందా? ముసలితనంలో నీకు యోగం పట్టింది, ప్రొఖోర్!" అన్నాడు పహోమ్.

"నీకు కుళ్ళు. నోరు మూసుకుని ముక్క వెయ్యి."

"వేస్తాలే. ఆరు మీద ఆరు. ఇక నువ్వు పెళ్ళికూతురి ముందే ఓడిపో."

దరీనా చలికి ఎర్రబడ్డ చేతులు నలుపుకుంటూ వంగి నిలబడింది. "తాతగారూ, ఆ రోజు తీసిన రీళ్ళు దొరికాయండి. బడిలో తెర కడతాం. మీరు చూస్తుంటే మేం మిమ్మల్ని కెమెరాలో తీస్తాం. ఇష్టం లేకపోతే బలవంతం లేదు."

"నేను వద్దని చెప్పాను," అన్నాను.

నాన్న ముక్కలన్నీ బోర్లా పెట్టాడు. "సేన్య కనిపిస్తాడా అందులో?"

ముప్పై ఏళ్ళలో ఆయన నోట ఆ పేరు వినడం నాకు అదే మొదటిసారి.

"కనిపిస్తాడండి."

"అయితే చూస్తా."

పహోమ్ టోపీ తీసుకుని లేచాడు. "నేను రాను. నేను చూసిందే నాకు చాలు," అన్నాడు. ఆ ఆట అక్కడే ఆగిపోయింది.

నాన్నకు చెప్పని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. అప్పుడు షూటింగ్ మొదటి రెండు రోజులూ తుగారినొవ్‌కు నచ్చలేదు. రెండో రోజు మా ఇంటికి వచ్చాడు. నాన్న కొట్లో ఉన్నాడు, అమ్మ అట్లు పోస్తోంది. "మీ వాళ్ళు సరిగ్గా కొట్టుకోవడం లేదమ్మా," అన్నాడు. "ముక్కు పగలగొట్టినవాడే వెళ్ళి రక్తం తుడుస్తున్నాడు. వీళ్ళకు నిజంగా కోపం ఎప్పుడొస్తుంది?" నేను బడిలో టీచరుగా చేరి అప్పటికి రెండేళ్ళు. పిల్లల చేత ఊరి ఆచారాలు సేకరింపజేసి ఒక పుస్తకంలో రాసుకున్నాను. అంత పెద్ద దర్శకుడు అడిగాడని లోపలికి పరుగెత్తి ఆ పుస్తకం తెచ్చాను. చేతితొడుగులో ఇనుము గురించి రాసిన పేజీ చదివి వినిపించాను. ఆయన చాలా మర్యాదగా విన్నాడు. అమ్మను ఇంకో అట్టు అడిగి వేయించుకున్నాడు.

పోరుకు ముందు పెద్దలు ప్రతి ఒక్కరి తొడుగులూ పిండి చూడాలి. ఆ రోజు చూడలేదు. తొడుగులు సినిమావాళ్ళవి, రాజధాని నుంచి దుస్తుల పెట్టెల్లో వచ్చినవి. అతిథులు ఇచ్చిన వస్తువును తడిమి చూస్తే మర్యాదగా ఉండదనుకున్నారు.

బుధవారం మధ్యాహ్నం బడిలో భౌతికశాస్త్రం గదిలో కిటికీ తెరలు దించి, సినిమా తెరగా దుప్పటి కట్టారు. నాన్న మొదటి బెంచీలో కూర్చున్నాడు. కెమెరా తెరవైపు కాకుండా ఆయన ముఖం వైపు పెట్టారు. రుడాల్ఫ్ వెనక బెంచీలో కాళ్ళు చాపుకుని, వచ్చిన దగ్గర్నుంచీ తుగారినొవ్ మీద హాస్యాలు చెబుతూనే ఉన్నాడు. "ఒకసారి మంత్రిగారి కుక్కను అడిగాడయ్యా వేషానికి. కుక్క బాగా చేసింది, మంత్రిని తీసేశారు." కెమెరామన్ ఒక్కడే నవ్వాడు.

మొదటి రీలులో దుస్తుల బండి కనిపించింది. బండి దగ్గర రుడాల్ఫ్, నల్లటి జుట్టుతో. ఒక్కొక్కరికీ పెట్టెలోంచి తొడుగులు తీసి ఇస్తున్నాడు. సేన్య వంతు వచ్చింది. రుడాల్ఫ్ పెట్టెలోంచి తీసిన జతను మళ్ళీ లోపల పడేసి, తన కోటు లోపలినుంచి ఇంకో జత తీసి ఇచ్చాడు. సేన్య వాటిని తొడుక్కుని చప్పట్లు కొట్టి కెమెరా వైపు నవ్వాడు.

"పన్ను చూడు," అన్నాడు నాన్న నాతో. "ఎడంవైపుది. నిచ్చెన మీదనుంచి పడ్డప్పుడు పోయింది."

వెనక బెంచీలో కాళ్ళు ముడుచుకున్న చప్పుడు వినబడింది.

రెండో రీలులో గోడలు కదిలాయి. శబ్దం కూడా ఉంది. రెండు వందల మంది అడుగులకు మంచు కింద నీళ్ళు గుడగుడమన్నాయి. గోడలు తగులుకున్నప్పుడు ముందు తోలు మీద తోలు పడిన చప్పుడు, తర్వాత ఎముకల చప్పుడు. ఒకడి కనుబొమ్మ తెగి కన్ను మూసుకుపోయింది. ఒకడు రెండు పళ్ళు అరచేతిలోకి ఉమ్ముకుని, చూసుకుని, మళ్ళీ వరసలోకి నడిచాడు. అంతలో ఒక గొంతు గట్టిగా అరిచింది. "చేతిలో ఇనుము! అదుగో, ఆ కుర్రాడి చేతిలో ఇనుము!" అరిచినవాడు గొర్రెతోలు కోటు వేసుకుని జనంలో ఉన్నాడు. ఇటు తిరిగినప్పుడు ముఖం కనిపించింది. రుడాల్ఫ్.

గోడలు రెండూ ఆగాయి. పహోమ్ వచ్చి సేన్య మణికట్టు పట్టుకుని పైకెత్తాడు. సేన్య చుట్టూ చూస్తున్నాడు. నాన్న నడిచి వచ్చి ఆ తొడుగు లాగి, కత్తితో లోపలి అస్తరు కోశాడు. వేలెడంత సీసపు పట్టీ బయటపడింది.

సీసం బయటపడిందని ఊరందరికీ తెలుసు. తెలియనిది ఆ తర్వాత ఉంది. నాన్న ఆ అస్తరును దగ్గరగా పట్టుకున్నాడు. పట్టీ చుట్టూ ఉన్న కుట్టు మీద బొటనవేలితో ఒకసారి రాశాడు. మళ్ళీ వెనక్కి రాశాడు. తల ఎత్తి కెమెరా వైపు చూశాడు, చాలాసేపు చూశాడు. ఆ తర్వాత తొడుగును చంకలో పెట్టుకుని సేన్యను దవడ మీద కొట్టాడు.

తర్వాతిది నాలుగు నిమిషాలు సాగింది. రెండు గోడలూ కలిసి వాడి మీద వాలిపోయాయి. సేన్య కాసేపు వాళ్ళ కాళ్ళ మధ్య కనిపించాడు, చేతులు తల మీద పెట్టుకుని. ఆ చేతుల మీద బూటు పడింది. చేతులు తెరుచుకున్నాయి. ముఖం మీద పడింది. నాన్న ఎవరినో వెనక్కి లాగుతున్నాడు, లాగినచోటికి ఇంకొకడు వస్తున్నాడు. పైనుంచి మెగాఫోనులో తుగారినొవ్ గొంతు స్పష్టంగా వినబడుతోంది. "ఆపకండి! రెండో కెమెరా, దగ్గరికి! ఇంకా దగ్గరికి!" మంచు మీద ఎరుపు ముందు చుక్కలుగా ఉంది, తర్వాత జారుగా మారింది, మనుషులు దాని మీద జారి పడుతున్నారు. ఎక్కడో ఒక ఆడమనిషి అరుస్తోంది. అది నేనే. అలా అరిచానని నాకు గుర్తు లేదు.

దరీనా రీలును వెనక్కి తిప్పి, బొటనవేలు కుట్టు మీద ఉన్నచోట ఆపింది. "తాతగారూ, ఇక్కడ మీరు ఏం చూస్తున్నారండి?"

నాన్న నోరు తెరిచేలోగానే రుడాల్ఫ్ చెప్పాడు. "చూడండి, అదంతా వలేరియన్ ఆలోచన. నేను చెప్పిన పని చేసేవాణ్ణి. నాలుగు దెబ్బలు తింటాడు, మనకు దృశ్యం వస్తుంది అన్నాడు. చచ్చిపోతాడని ఎవరనుకున్నారు? అసలు మీ ఆచారాలు మాకేం తెలుసండీ? ఇదుగో, ఈ టీచరమ్మే పుస్తకం తెచ్చి చదివి వినిపించింది. అడగండి!"

నాన్న నావైపు తిరిగి చూశాడు. తర్వాత లేచి, బెంచీల మధ్యనుంచి నడిచి వెళ్ళి రుడాల్ఫ్ నోటి మీద కొట్టాడు. ఎనభై రెండేళ్ళ చెయ్యే అయినా పై పెదవి రెండుగా చీలింది. రుడాల్ఫ్ బెంచీ మీదనుంచి వెనక్కి పడ్డాడు. కట్టుడు పళ్ళు ఊడి నేల మీద జారాయి. నాన్న పడినవాణ్ణి తన్నాడు. పక్కటెముకల్లో, పొట్టలో, మళ్ళీ పక్కటెముకల్లో. ఉన్ని బూట్లు కాబట్టి చప్పుడు రాలేదు. రుడాల్ఫ్ మాత్రం పసిపిల్లాడిలా మూలిగాడు.

"ఆపండి! కెమెరా ఆపండి!" అని అరిచాను.

దరీనా చెయ్యి ఎత్తింది. కెమెరామన్‌ను దగ్గరికి వెళ్ళమని.

నాన్నను నేనే వెనక్కి లాగాను. ఊపిరి అందక బెంచీ మీద కూలబడి, కాసేపటికి కెమెరా కేసి చూశాడు.

"నేను జీనులు కుట్టేవాణ్ణి," అన్నాడు. "ఊళ్ళో తోలు మిషన్ ఒక్కటే, అది నా కొట్లోది. దాని కుట్టు చీకట్లో కూడా పోల్చుకుంటా. ఆ సీసం చుట్టూ ఉన్నది మిషన్ కుట్టే, కానీ నాది కాదు. మా వాడు సూదిలో దారం ఎక్కించడం కూడా రానోడు. వేలు పెట్టగానే తెలిసింది, వాడు పెట్టలేదని."

"తెలిసీ కొట్టారా?" దరీనా గొంతు చాలా తగ్గింది.

"రెండొందల మంది చూస్తున్నారు. కొట్టకపోతే కొడుకని వదిలేశాడంటారు. ఒక్కటి కొట్టి, వాణ్ణి భుజాన వేసుకుని పోదామనుకున్నా. పెద్ద కొట్టాక గోడ ఇక పెద్ద మాట వినదు. అదీ తెలుసు నాకు. తెలిసే కొట్టా."

ఆదివారం వరకూ మేము ఒకే ఇంట్లో మాటలు లేకుండా గడిపాం. ఒక్కసారి మాత్రం అడిగాడు.

"ఆ పుస్తకం ఉందా?"

"కాల్చేశాను."

"ఊఁ," అన్నాడు.

వెన్నవారం చివరి ఆదివారం మాలో ఒకరినొకరు క్షమాపణ అడుగుతారు. చిన్నా పెద్దా లేదు. ఎదుటివాడు 'దేవుడు క్షమిస్తాడు, నేనూ క్షమిస్తున్నాను' అనాలి. ఆ పొద్దున నాన్న పొయ్యి దగ్గరకు వచ్చి నేలకు చేతులు ఆనించి వంగాడు. "నన్ను క్షమించు, అగ్నియా."

"దేవుడు క్షమిస్తాడు," అన్నాను. మిగతా సగం నోట్లోంచి రాలేదు. నా తప్పుకు నేను క్షమాపణ అడగనూ లేదు.

ఆయన కోటు వేసుకుని పహోమ్ ఇంటికి బయలుదేరాడు. దారంతా మంచు కరిగి గడ్డకట్టింది, పడతాడేమోనని వెంట వెళ్ళాను. పహోమ్ భార్య స్తెపనీదా బల్ల మీద అట్లు పెడుతోంది.

"రా రా, ఓడిపోయినోడా!" అన్నాడు పహోమ్. "మిగిలిన ఆట ఆడదామా?"

నాన్న అతని ముందు వంగాడు. "నన్ను క్షమించు, పహోమ్. సేన్య చేతిలో సీసం సినిమావాళ్ళు కుట్టింది. వాడికి తెలీదు. నాకు అప్పుడే తెలుసు."

పహోమ్‌కు వెంటనే అర్థం కాలేదు. "ఏం తెలుసు?"

"వాడిది కాదని. మీరంతా కొడుతున్నప్పుడు నాకు తెలుసు."

పహోమ్ చేతిలో అట్టు ఉంది. దాన్ని జాగ్రత్తగా పళ్ళెంలో పెట్టాడు. తర్వాత నాన్నను కొట్టాడు. మొదటి దెబ్బకే నాన్న బల్ల అంచు మీద పడ్డాడు. "ముప్పై ఏళ్ళు నిద్రపోయానురా నేను!" అని అరిచాడు పహోమ్. "దొంగను కొట్టానని నిద్రపోయా! పిల్లాడి మెడ మీద నా కాలు, ఇదుగో, ఈ కాలు! నువ్వు చూస్తా నిలబడ్డావు!" నేల మీదున్నవాణ్ణి పిడికిళ్ళతో, మోకాళ్ళతో గుద్దాడు. నాన్న చేతులు అడ్డం పెట్టుకోలేదు. స్తెపనీదా కేకలు వేస్తోంది. నేను పహోమ్ మెడ పట్టుకుని లాగాను, కదల్లేదు. చెయ్యి కొరికాను. నా నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. అప్పుడు వదిలాడు. వదిలి, గోడకు జారగిలబడి కూర్చుని పెద్దగా ఏడ్చాడు.

మూడు పక్కటెముకలు విరిగాయి, ఒకటి ఊపిరితిత్తిలో దిగింది. జిల్లా ఆసుపత్రిలో నాన్న తొమ్మిది రోజులున్నాడు. ఎనిమిదో రోజు సాయంత్రం అడిగాడు.

"ఆ పొద్దున వాడు తొడుగు గురించి ఏమన్నా అన్నాడా నీతో?"

"అన్నాడు. చచ్చిన పిల్లిని చేతికి కట్టుకున్నట్టు ఉందక్కా అన్నాడు."

నాన్న నవ్వాడు. నవ్వితే నొప్పి, పక్క పట్టుకుని మరీ నవ్వాడు. "వాడే. వాడే అంటాడు అలాంటివి." కాసేపటికి, "నేను పోయాక పెట్టే భోజనాలకు గోడలో నిలబడ్డోళ్ళందరినీ పిలువు. పహోమ్‌ను కూడా. కుట్టు సంగతి చెప్పు," అన్నాడు.

ఆదివారం పొద్దున మిగిలిపోయిన ఆ సగం మాట చెప్పడానికి నోరు తెరిచాను. నర్సు సూది తీసుకుని వచ్చింది. తెల్లవారేలోగా ఆయన పోయాడు.

భోజనాలకు పదకొండు మంది వచ్చారు. అందరూ ముసలివాళ్ళే. పహోమ్ తనంతట తానే ఠాణాకు వెళ్ళి చెప్పుకున్నాడట, ముసలివాడని ఊరు దాటవద్దని రాయించుకుని పంపించారు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. దరీనా కూడా వచ్చింది. తీయనిస్తారా అని కంచె అవతలనుంచి అడిగింది. నేను జవాబు చెప్పకుండా గేటు గొళ్ళెం వేశాను.

పోయినవాళ్ళ పేరున ముందుగా పెట్టే తేనె కలిపిన గోధుమలు అందరూ తలో చెంచా తిన్నాక లేచి చెప్పాను. కోటు లోపలినుంచి తీసిన జత, మిషన్ కుట్టు, నాన్న బొటనవేలు. వరసగా, ఏదీ వదలకుండా చెప్పాను. చెంచాలు ఆగిపోయాయి.

"అంటే కుర్రాడు శుభ్రంగానే ఉన్నాడా?" అన్నాడు పడవలు బాగుచేసే సావెలి.

"శుభ్రంగానే ఉన్నాడు."

ముందు గుమ్మం దగ్గర్నుంచి పహోమ్ గొంతు వచ్చింది. "వాడి మెడ మీద కాలు పెట్టింది నేను."

సావెలి పళ్ళెం వైపు చూస్తూ, "నేను వీపు మీద తన్నా. రెండుసార్లు. మూడో ఏమో," అన్నాడు.

"నేను చెయ్యి విరిచా. చప్పుడు వినబడింది."

"నాకు వాడంటే పడేది కాదు, మా చెల్లెలి వెనక తిరిగేవాడు. అందుకని ముఖం మీద కొట్టా."

"నేను కొట్టలా. దారి ఇవ్వకుండా నిలబడ్డా. ప్రొఖోర్ వాణ్ణి తీసుకుపోదామని వచ్చాడు, నేను జరగలా."

ఒక్కొక్కరుగా పదకొండు మందీ చెప్పారు. ఒకాయనకు చెవుడు, పక్కవాడు చెవిలో అరిచి చెబితే విని, తల ఊపి, తనదీ చెప్పాడు. తర్వాత ఎవరో జావ అడిగారు. పోశాను.

"టీచరమ్మా," అన్నాడు పహోమ్, "ఆ పిల్ల ఇంకా చలిలో నిలబడే ఉంది. లోపలికి పిలువు. ఇదంతా ఆ పెట్టెలో కూడా చెబుతాం. వాడు మోసగాడని దేశమంతా చూసిందిగా."

"తర్వాత మిమ్మల్ని జనం ఏమంటారో తెలుసా?"

"తెలుసులే. పిలువు."

గేటు తీశాను. దరీనా కెమెరా బల్లకు ఎదురుగా పెట్టి, ఎవరు ముందు మాట్లాడతారని అడిగింది. పహోమ్ గుమ్మం వదిలి ముందుకు వచ్చాడు. ఆయన్ను ఆగమని, ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. రెండో రోజు తుగారినొవ్ మా బల్ల దగ్గర ఏం అడిగాడో, నేను లోపలికి పరుగెత్తి ఏం తెచ్చి చదివానో, ముందు అది చెప్పాను.